రాత్రి డ్యూటీలో ఎందరు? వృద్ధాశ్రమాల నాణ్యతకు అసలు కొలత

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఒక ఆసుపత్రి. పక్షవాతం వచ్చిన పెద్దాయనకు పది పన్నెండు రోజులు వైద్యం చేసి, ఇక తీసుకెళ్లవచ్చని డిశ్చార్జి కాగితం చేతికిచ్చారు అనుకుందాం. ముక్కులోంచి కడుపులోకి ద్రవాహారం పంపే రైల్స్ ట్యూబు ఉంది, మూత్రానికి క్యాథెటరు ఉంది, కదలకుండా పడుకోవడంతో పుండు పడబోతున్నట్టు నడుము కింద చర్మం అప్పుడే ఎర్రబడుతోంది. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో. ఇంట్లో మిగిలింది మోకాళ్ల నొప్పులతో లేవలేని భార్య. ఆ సాయంత్రమే బంధువులకు ఫోన్లు మొదలవుతాయి, మంచి ఓల్డేజ్ హోమ్ ఏదైనా తెలుసా అని.

జవాబులు చాలానే వస్తాయి. ఒకచోట భోజనం బాగుంటుందట. ఇంకోచోట ఆవరణలోనే గుడి ఉంది, కార్తీక మాసంలో వనభోజనాలు పెడతారట. కంకిపాడు వైపు ఒకటి కొత్తగా పెట్టారు, గదులన్నీ ఏసీ. మరొకటి నడిపేది మనవాళ్లేనట. ఈ చివరి మాటను కాస్త గొంతు తగ్గించి చెబుతారు. వీటిలో ఒక్కటీ ఆ రోగికి అక్కరకొచ్చే సంగతి కాదు. ఆయన నోటితో తినలేడు, గుడిదాకా నడవలేడు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడానికి, తడిసిన డైపర్ తడిసినట్టే ఉండిపోకుండా చూడటానికి, ట్యూబులో పాలు పోసేముందు తలవైపు ఎత్తు పెట్టడానికి ఆయనకు మనిషి కావాలి. అలాంటి మనుషులు ఏ ఆశ్రమంలో ఎందరున్నారో చెప్పగలిగినవారు ఊళ్లో ఎవరూ ఉండరు. రాష్ట్రంలో కూడా ఉండరు. ఎందుకంటే ఆ లెక్క అడిగే బాధ్యత ఎవరి మీదా లేదు.

ఇలాంటి ఫోన్లు ఇకముందు ఇంకా పెరుగుతాయి. జాతీయ గణాంక కార్యాలయం 2021లో ప్రచురించిన అంచనాల ప్రకారం అరవై దాటినవారు దేశ జనాభాలో 10.1 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం. 2031 నాటికి మన వాటా 16.4 శాతానికి చేరుతుందని అంచనా. అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. కేరళ, తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్‌ల తరువాతి స్థానం మనదే. ఇక పిల్లల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది బిడ్డలే. ఆ ఉన్న ఒకరిద్దరూ చదువుకుని ఊరు దాటిన జిల్లాలు కృష్ణా, గుంటూరు.

మన నాయకులకు ఈ సంగతి తెలియక కాదు. జనాభాలో ముసలివాళ్ల వాటా పెరుగుతోందన్న ఆందోళనతోనే స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తివేసింది. కానీ ఈ రోజు పుట్టిన బిడ్డ అమ్మానాన్నలను చూసుకునే వయసుకు రావడానికి పాతికేళ్లు పడుతుంది. ఈ లోపల మంచాన పడ్డవాళ్లను ఎవరు తిప్పుతారన్నది వేరే ప్రశ్న. దాని మీద సభలో చర్చ జరగడం అరుదు.

బోర్డు మీద ఏముంటే ఆ చట్టం

పాత రోజుల్లో వృద్ధాశ్రమం అంటే దిక్కులేనివారికి కూడు, గూడు. ఎవరో దాత స్థలమిచ్చేవారు, ఎవరో బియ్యం పంపేవారు, ఉండేవాళ్లలో ఎక్కువమంది తమ పని తాము చేసుకోగలిగేవారు. ఇప్పుడు విజయవాడ, గుంటూరు నగరాల శివార్లలో అద్దెకు తీసుకున్న రెండంతస్తుల ఇళ్లలో నడుస్తున్నవి చాలావరకు ఆ కోవకు చెందవు. అక్కడికి చేరుతున్నవారు పక్షవాతం వచ్చినవారు, తుంటి ఎముక విరిగినవారు, మతిమరుపు జబ్బుతో కన్నబిడ్డనే గుర్తుపట్టలేనివారు. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని, అంటే సుమారు 88 లక్షల మంది అని, జాతీయ స్థాయి వృద్ధుల అధ్యయనం ఆధారంగా పరిశోధకులు లెక్క తేల్చారు. పని మారింది. దాన్ని చూసే చట్టం మాత్రం మారలేదు.

ఆసుపత్రి అయితే 2002లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్, నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. జిల్లా వైద్యారోగ్య శాఖాధికారి దగ్గర నమోదు కావాలి, ఆ పత్రం గోడకు కనబడాలి. అదే రోగిని, అదే ట్యూబుతో, అదే పుండుతో ఆటోనగర్ దాటి ఐదారు కిలోమీటర్లు తీసుకెళ్లి ఆశ్రమంలో చేర్చాక ఆ చట్టం నీడ అక్కడ పడదు. అక్కడ గోడకు ఉండేవి సొసైటీ రిజిస్ట్రేషనో, ట్రస్టు దస్తావేజో, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 80జీ పత్రమో. 80జీ ఉందంటే విరాళమిచ్చినవారికి పన్ను మినహాయింపు దొరుకుతుందని అర్థం. మామ్మగారికి అర్ధరాత్రి మంచినీళ్లు అందించే మనిషి ఉన్నారని ఆ కాగితం చెప్పదు.

విచిత్రమేమిటంటే, ఆశ్రమాన్ని ఆశ్రమంగా గుర్తించి గీత గీసిన శాఖ ఒకటుంది, అది పన్నుల శాఖ. ధార్మిక సంస్థగా నమోదైన వృద్ధాశ్రమం అరవై దాటినవారి దగ్గర వసతికి, భోజనానికి, నిర్వహణకు కలిపి నెలకు 25,000 రూపాయల దాకా తీసుకుంటే జీఎస్టీ ఉండదు. ఎంత వసూలు చేస్తే పన్ను పడుతుందో నిబంధన ఉంది. ఎంతమందికి ఒక ఆయా ఉండాలన్న మాట మన దగ్గర ప్రైవేటు ఆశ్రమాల విషయంలో ఎక్కడా లేదు.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది కదా అంటారు. ఉంది. తిండి పెట్టని కొడుకు మీద ఆర్డీవో ముందు ఫిర్యాదు చేయడానికి, ఆస్తి రాయించుకుని గెంటేస్తే ఆ బదిలీని రద్దు చేయించుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. ఆశ్రమాల గురించి 19వ సెక్షన్ చెప్పేది వేరు. రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగే ఇళ్లు దశలవారీగా నెలకొల్పవచ్చు. ఆ వాక్యంలో ఉన్నది ‘వచ్చు’. కేంద్రం తయారుచేసిన నమూనా నియమాల్లో పడకగదిలో మనిషికి 7.5 చదరపు మీటర్ల జాగా ఉండాలని కూడా రాశారు. అదంతా పేదల కోసం ప్రభుత్వం పెట్టే ఇళ్లకు సంబంధించిన కొలత. నెలకు పాతిక వేలు తీసుకుని ఒకే గదిలో ఆరు మంచాలు వేసిన ప్రైవేటు ఇంటికి దానితో నిమిత్తం లేదు.

ఈ లోటు ఢిల్లీకి తెలియనిదేమీ కాదు. మాజీ కేంద్ర మంత్రి అశ్వనీకుమార్ వేసిన కేసులో 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఏ జిల్లాలో ఎన్ని వృద్ధాశ్రమాలున్నాయో రాష్ట్రాలన్నిటి నుంచీ వివరాలు తెప్పించి నివేదిక ఇవ్వాలని కేంద్రాన్ని ఆదేశించింది. మరుసటి ఏడాది డిసెంబరులో లోక్‌సభ ముందుకు సవరణ బిల్లు వచ్చింది. ప్రైవేటువి సహా సంరక్షణ గృహాలన్నీ నమోదు కావాలి, ఇళ్లకు ఆయాలను పంపే ఏజెన్సీలు కూడా నమోదు కావాలి, తిండి, వసతి, వైద్యం విషయంలో కనీస ప్రమాణాలు పాటించాలి అని అందులో ఉంది. స్థాయీ సంఘానికి వెళ్లింది, సంఘం నివేదిక కూడా ఇచ్చింది. బిల్లు మాత్రం ఆమోదం పొందలేదు. 2024లో ఆ లోక్‌సభతో పాటే కాలం చేసింది.

చేతుల లెక్క

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి ఒక ఇంటిని ఊహించుకుందాం. ముప్పై మంది ఉన్నారు. అందులో పదిమంది మంచం మీదే. మిగతా ఇరవై మందిలో కొందరు కర్ర పట్టుకుని నడుస్తారు, కొందరు రాత్రి మూడుసార్లు బాత్రూముకు లేస్తారు.

ఆ పదిమందిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఒక్కరు చేసే పని కాదిది. ఒక్కరే చేస్తే మనిషిని దుప్పటి మీద ఈడ్వాల్సి వస్తుంది, ఆ రాపిడికే చర్మం లేస్తుంది. ఇద్దరు కలిసి తిప్పి, డైపర్ చూసి, అవసరమైతే మార్చి, దిండు సర్దేసరికి మనిషికి పది నిమిషాలు. పదిమందికి వంద నిమిషాలు. అంటే ప్రతి 120 నిమిషాల్లో ఇద్దరు మనుషులకు మిగిలేది 20 నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లోనే బాత్రూముకు లేచిన తాతగారిని పట్టుకోవాలి, దగ్గుతున్నవారిని లేపి కూర్చోబెట్టాలి, ఎవరికైనా ఆయాసం వస్తే ఫోన్ చేయాలి. రాత్రి డ్యూటీలో ఒక్క ఆయా మాత్రమే ఉన్న ఇల్లు ఈ పని చేయలేదు. ఆమె ఎంత మంచిదైనా, యజమాని ఎంత దయగలవాడైనా చేయలేదు. కాబట్టి అలాంటి ఇంట్లో రాత్రి తొమ్మిదికి ఏ పక్కన పడుకోబెట్టారో తెల్లవారి ఐదింటికీ అదే పక్కన ఉంటారు.

తిండి లెక్క ఇంకా కఠినం. మింగడం కష్టమైన మనిషికి చెంచాతో జావ పట్టించడానికి అరగంట. పదిమందికి ఒక పూటకు ఐదు గంటలు, మూడు పూటలకు పదిహేను గంటల పని. రైల్స్ ట్యూబులో పోస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. నోటితో ఇంకా మింగగలిగినవారికి కూడా ట్యూబు ఎందుకు కొనసాగుతుందో ఈ తేడాలోనే ఉంది. డాక్టరు తీసేయమన్నా, ఉంచితేనే భద్రమండీ అంటారు. ఎవరికి భద్రమో అడగాలి.

ఈ లెక్కను ప్రభుత్వమే వేసిన దేశం ఒకటుంది, మనవాళ్ల పిల్లలు ఎక్కువగా ఉన్న అమెరికాయే. అక్కడ నర్సింగ్ హోమ్‌లను సంస్కరించే చట్టం 1987లో వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రతి నర్సింగ్ హోమ్‌నూ పదిహేను నెలలు మించకుండా తనిఖీ చేయాలి. ఆ నివేదికను ఎవరైనా చదువుకోవచ్చు. 2008 నుంచి ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు కూడా ఇస్తున్నారు. తనిఖీలో దొరికిన లోపాలు, సిబ్బంది సంఖ్య, పుండ్లు, పడిపోవడాలు వంటి ఆరోగ్య సూచికలు, ఈ మూడిటినీ కలిపి లెక్క కడతారు. సిబ్బంది సంఖ్యను యజమాని నోటిమాట మీద తీసుకోరు, జీతాల పట్టీ నుంచి తీసుకుంటారు. ఈ చిన్న ఏర్పాటే మొత్తంలో తెలివైనదని నాకనిపిస్తుంది.

అలాగని అదేమీ స్వర్గం కాదు. ఆరోగ్య సూచికల్లో కొన్ని సంస్థలు తమ గురించి తాము రాసుకునేవే, కాబట్టి నక్షత్రాలను గుడ్డిగా నమ్మలేం. ఒక్కో నివాసికి రోజుకు 3.48 గంటల నర్సింగ్ సంరక్షణ ఉండాలని 2024లో అక్కడి కేంద్ర ప్రభుత్వం నియమం పెడితే, యాజమాన్యాలు కోర్టుకెక్కాయి, 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. నియమం పోయినా ఆ అంకె మనకు పనికొస్తుంది. ముప్పై మందికి 3.48 చొప్పున వేస్తే రోజుకు దాదాపు 104 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీలు పదమూడు. మన ఊహలోని ఇంట్లో పగలు నలుగురు, రాత్రి ఇద్దరు, పన్నెండేసి గంటలు పనిచేస్తారనుకుంటే 72 గంటలు, మనిషికి 2.4. వినడానికి మరీ తక్కువేమీ కాదు. కానీ ఆ నలుగురే వంటపాత్రలు కడుగుతారు, దుప్పట్లు ఉతుకుతారు, మెట్లు తుడుస్తారు. అవి తీసేస్తే మనిషికి మిగిలేది ఎంతో మీరే ఊహించండి.

దీన్ని రూపాయల్లోకి మారుద్దాం. ఆయా జీతం నెలకు 15,000 అనుకుంటే, ఆ ఆరుగురికి 90,000. ముప్పై మందికి పంచితే తలకు 3,000. వాళ్లకు వారానికో సెలవు కూడా లేదని గమనించాలి. రోజుకు పదమూడు డ్యూటీలు, వారానికో సెలవు చొప్పున నడపాలంటే పదహారు మంది కావాలి. 2,40,000, తలకు 8,000. రెండిటి మధ్య తేడా నెలకు 5,000 రూపాయలు. మామూలు గదికీ ఏసీ గదికీ మధ్య తేడాగా చాలా కుటుంబాలు కళ్లు మూసుకుని కట్టే మొత్తం ఇంచుమించు ఇంతే. ఏసీ కంటికి కనబడుతుంది, వీడియో కాల్‌లో కొడుక్కి చూపించవచ్చు. రాత్రి డ్యూటీలో మూడో మనిషిని చూపించలేం.

పుండు చెప్పే సాక్ష్యం

చేతులు సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడానికి రిజిస్టర్లు వెతకక్కర్లేదు. మనిషి ఒంటి మీదే రాసి ఉంటుంది. వెన్ను చివరి ఎముక, తుంటి, మడమలు, భుజాల వెనుక, తల వెనుక; ఎముక చర్మానికి దగ్గరగా ఉన్న చోట్లన్నీ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు రావాలి. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే లోపల పుండు మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒళ్ల మీద ఎరుపు తెలియదు. అక్కడ చర్మం చుట్టుపక్కల కంటే నల్లగా, వేడిగా, గట్టిగా తగులుతుంది. ఇది కొన్ని గంటల్లోనే మొదలవుతుంది, నిర్లక్ష్యం చేస్తే ఎముకదాకా వెళుతుంది.

మనవైపు దీనికి చేసే సేవల్లో కొన్ని మేలుకంటే కీడే చేస్తాయి. ఎర్రబడిన చోట స్పిరిటో నూనో రాసి గట్టిగా రుద్దుతారు. అప్పటికే నలిగిన కండ ఇంకా నలుగుతుంది. గాలి ట్యూబు మీద కూర్చోబెడతారు. ట్యూబు అంచు చుట్టూ ఒత్తిడి పడి మధ్యలోకి రక్తం అందదు. దట్టంగా పౌడరు చల్లుతారు. చూడటానికి వచ్చినవారికి మంచి వాసన వస్తుంది, పుండు కనబడదు. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని తిప్పడం మానేస్తారు. ఎయిర్ బెడ్ మంచిదే, కాని అది రెండో మనిషికి సాయమే తప్ప ప్రత్యామ్నాయం కాదు.

పుండు కాకుండా ఇంకో మూడు గుర్తులున్నాయి. మొదటిది నీళ్లు. వయసు మళ్లినవారికి దాహం తెలియదు, అడగరు. నీళ్లు తాగితే డైపర్ మార్చాలి కాబట్టి చేతులు చాలని చోట పెట్టరు. బెజవాడ మే నెల ఎండల్లో ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. నాలుక ఎండిపోయి ఉందా, మూత్రం సంచిలో రంగు ముదిరిందా అన్నది నిలబడి రెండు నిమిషాలు చూస్తే తెలుస్తుంది.

రెండోది మత్తు. నెల క్రితం వరండాలో తిరుగుతూ గొడవ చేసిన మనిషి ఇప్పుడు పగలంతా నిద్రపోతుంటే, ‘సెట్టయ్యారండీ’ అన్న మాటకు తృప్తి పడకూడదు. మాత్రల చీటీ అడగాలి. మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధులకు మానసిక వ్యాధుల కొత్తతరం మందులు (యాంటీసైకోటిక్స్) వాడితే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే ఆ మందుల మీద హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. అవసరమైన సందర్భాలు ఉంటాయి. అయితే అది రోగి అవసరమా, డ్యూటీ మనిషి అవసరమా అన్నది వైద్యుడు తేల్చాలి.

మూడోది కట్టడం. చీర ముక్కతోనో, మెత్తని గుడ్డతోనో చేతిని మంచం పట్టీకి కట్టేస్తారు, ట్యూబు పీకేసుకుంటారని చెబుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నమోదైన మానసిక వైద్య సంస్థలో సైతం తక్షణ హాని తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, అదీ మానసిక వైద్యుడి అనుమతితోనే కట్టాలి. ఏ నమోదూ లేని అద్దె ఇంట్లో ఆ అనుమతి ఇచ్చేది డ్యూటీ మనిషికి రాత్రి పదింటికి వచ్చే నిద్ర.

ఇదంతా చదివి ఆయాల మీద కోపం తెచ్చుకుంటే అంతకంటే అన్యాయం లేదు. ఈ పని చేస్తున్నవారిలో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన మహిళలు. నర్సుకైతే మూడేళ్ల జీఎన్ఎం చదువు, కౌన్సిల్‌లో నమోదు ఉంటాయి. ఆయాకు ఏదీ లేదు; ముందురోజు చేరిన ఆయాకు పాత ఆయా చూపించిందే శిక్షణ. తన నడుము విరగకుండా తన కంటే బరువైన మనిషిని ఎలా ఎత్తాలో కూడా ఎవరూ నేర్పరు. పైగా ఆశ్రమంలోనే ఉండి, పిలిస్తే లేచే ఉద్యోగం. మిర్చి సీజనులో కూలి బాగుంటే, అపార్టుమెంటులో వంటపని దొరికితే ఎందుకుంటుంది? ఆమె వెళ్లిపోయిన రోజున ఆ పదిమందిలో ఎవరికి ఏ పక్క నొప్పో, ఎవరు ఏ చెంచాతో తింటారో తెలిసిన ఒకే ఒక్క మనిషి వెళ్లిపోయినట్టు.

అడిగేవారు ఎందుకు లేరు

హోటల్లో ఇడ్లీ చల్లగా ఉంటే గొడవ పెట్టుకునే మనం ఇక్కడ నోరు మెదపం. కొంత కారణం పరువు. తండ్రిని ఆశ్రమంలో పెట్టామన్న సంగతే నలుగురికీ చెప్పుకోలేనివారు అక్కడ పుండు పడిందని ఎవరికి చెబుతారు? మిగతాది భయం. గట్టిగా అడిగితే ‘మీకు నచ్చకపోతే తీసుకెళ్లండి’ అంటారు. తీసుకెళ్లడానికి చోటు లేకనే కదా తెచ్చింది. పైగా డబ్బు కట్టేది ఒకరు, అనుభవించేది మరొకరు. అనుభవించేవారిలో సగం మందికి మాట రాదు, మిగిలినవారు పిల్లలు బాధపడతారని చెప్పరు.

ఇంకో సంగతి కూడా ఉంది. డబ్బున్న కుటుంబాలకు ఇది పరువు సమస్య అయితే, లేనివారికి అసలు తలుపే తెరుచుకోదు. 2024 అక్టోబరు నుంచి డెబ్బై దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా వైద్యం వచ్చింది. మంచి పనే. అది ప్రధానంగా ఆసుపత్రి వైద్యానికే. డిశ్చార్జి అయిన క్షణం నుంచి మొదలయ్యే నెలల, ఏళ్ల సంరక్షణకు బీమా లేదు. రాష్ట్రం మాత్రం ఒక అడుగు వేసింది. 2024 జులైలో వృద్ధాప్య పింఛనును 4,000కు పెంచినప్పుడే, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 చేసింది. మంచాన పడ్డ మనిషికి చేతులు కావాలనీ, అవి ఖరీదైనవనీ ప్రభుత్వం ఒప్పుకున్నట్టే లెక్క. ఒప్పుకున్నాక ఆ చేతులు ఉన్నాయా లేదా చూడటం ఎందుకు వదిలేసిందో అర్థం కాదు.

భవనం సంగతి క్లుప్తంగా. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ సంరక్షణ కేంద్రంగా వాడుతున్న హోటల్లో మంటలు చెలరేగి 10 మంది చనిపోయారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్లలో ఉంది. మంచం మీది మనుషులున్న ఇంటికి మేడ మీద ఉంటే నిప్పు భయం, కింద ఉంటే నీటి భయం. లిఫ్టు లేని రెండో అంతస్తులో ఎందరున్నారు, వాళ్లను దించడానికి రాత్రి ఎందరుంటారు అన్నది మళ్లీ అదే ప్రశ్నకు వస్తుంది.

ఈ లోగా చేర్పించాల్సిన పరిస్థితి వస్తే ఆదివారం పగలు పదకొండింటికి వెళ్లి చూసి రావడం వృథా. ఆ వేళకు అందరికీ స్నానాలై, బొట్లు పెట్టి ఉంటారు. రాత్రి ఎనిమిదిన్నరకు, చెప్పకుండా వెళ్లాలి. లోపలికి రానివ్వకపోతే అదే జవాబు. రానిస్తే, రాత్రి డ్యూటీలో ఉన్నవారి పేర్లు అడగాలి, సంఖ్య కాదు. సంఖ్యను గుండ్రంగా చెప్పేయవచ్చు, పేర్లు చెప్పాలంటే మనుషులుండాలి. ప్రస్తుతం ఎందరికి పుండ్లు ఉన్నాయని సూటిగా అడగాలి. ‘మా దగ్గర ఎవరికీ లేవండీ’ అన్న ఇంటికంటే, ‘ఇద్దరికి ఉన్నాయి, ఒకటి ఆసుపత్రి నుంచే వచ్చింది, రోజూ డ్రెస్సింగ్ చేస్తున్నాం’ అన్న ఇంటిని నేను ఎక్కువ నమ్ముతాను. చేర్చే రోజున ఒంటి మీది మచ్చలన్నీ ఫోటో తీసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం చేసుకోవడం మొరటుగా అనిపించవచ్చు. మంచి యాజమాన్యం దాన్ని తప్పు పట్టదు, తమకూ రక్షణే.

వికటిస్తే వెళ్లడానికి దారులు లేకపోలేదు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది. డబ్బు తీసుకుని చేసే సేవ కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే ఊళ్లోనే కేసు వేయవచ్చు, కాబట్టి బెంగళూరు కూతురు గుంటూరు దాకా వాయిదాలకు తిరగక్కర్లేదు. ఇవన్నీ జరిగిపోయాక చేసే పనులు. జరగకుండా చూడాలంటే ఎవరో ఒకరు ముందే లోపలికి వెళ్లి లెక్క రాసుకోవాలి.

ఆ వెళ్లే మనిషి ఇప్పటికే ఉన్నారు. ప్రతి నెలా మొదటి తేదీన సచివాలయ ఉద్యోగి పింఛను ఇవ్వడానికి ఇంటింటికీ వెళతారు, ఆశ్రమంలో పింఛనుదారు ఉంటే అక్కడికీ వెళతారు. వేలిముద్ర తీసుకోవడానికి మంచం పక్కనే నిలబడతారు. ఆ ఉద్యోగి చేతిలోని ఫోన్‌లో నాలుగు గళ్లు చేరిస్తే చాలు. ఈ ఇంట్లో ఉండేవారు ఎందరు, మంచం మీద ఉన్నవారు ఎందరు, నిన్న రాత్రి డ్యూటీ చేసినవారు ఎందరు, పుండ్లు ఎందరికి? పుండ్ల గడి నిండిన చోటికి వారం లోపల ఏఎన్ఎం వెళ్లాలి. 2007 చట్టం 22వ సెక్షన్ ఆ చట్టం అమలు కోసం జిల్లా కలెక్టరుకు అధికారాలు అప్పగించే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది, వృద్ధుల ప్రాణ రక్షణకు కార్యాచరణ ప్రణాళిక తయారు చేయమనీ చెప్పింది. ఢిల్లీలో మరో బిల్లు వచ్చేదాకా ఆగకుండా, ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల్లో ఈ నాలుగు గళ్ల పట్టికను మొదలుపెట్టి, మూడు నెలలకోసారి కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద ఇంటి పేరుతో సహా అంటించవచ్చు.